ఉత్తుత్తి డిస్కులో అమ్మ

పాలకొల్లులో ఫొటో స్టూడియో నడిపే పేర్రాజు ఇంట్లో తెలివి పెద్ద బెడదగా ఉండేది. పేర్రాజు, ఆయన భార్య నరసమ్మ, తమ్ముడు గవర్రాజు, ముగ్గురూ బాగా ఆలోచించందే చెంబు కూడా కదిపేవాళ్ళు కారు. ఆలోచించాక చెంబుకి సొట్ట పడేది, అది వేరే సంగతి.

చనిపోయిన అన్నదమ్ముల తల్లి ఫొటో ఒక్కటంటే ఒక్కటే మిగిలింది, అదీ స్టూడియో కంప్యూటర్లో. సంవత్సరీకానికి దాన్ని పెద్దది చేసి పటం కట్టించాలని గవర్రాజు ఆశ. అమ్మంటే వాడికి ప్రాణం.

ఫొటో భద్రంగా ఉండాలని కంప్యూటర్ల సింహాద్రిని పిలిచారు. అతను ఒక వర్చువల్ డిస్కు తయారుచేసి, దాన్ని రెండు భాగాలు చేసి, రెండింటిలోనూ అమ్మ ఫొటో పెట్టాడు.

"ఇది ఉత్తుత్తి డిస్కండి. అసలు డిస్కులో ఉన్న ఓ ఫైలంతే. కంప్యూటరు మాత్రం దీన్నీ డిస్కే అనుకుంటుంది. ఒక భాగం చెడినా రెండోది ఉంటుంది. అసలు డిస్కు పోతే మాత్రం రెండూ పోతాయి. ఇంకో కాపీ వేరే డిస్కులో పెట్టుకోండి" అని చెప్పి వెళ్ళాడు.

గవర్రాజు రెండు భాగాలూ తెరిచి చూసి అదిరిపోయాడు.

"వదినా! అమ్మ ఇద్దరయింది!"

"విడ్డూరం! మా అత్తగారు ఒక్కావిడే. ఆ ఒక్కావిడతోనే వేగలేకపోయాను. రెండో ఆవిణ్ణి తీసెయ్!"

అంతే, తీసేశాడు.

సంవత్సరీకం నాడు పొద్దున్నే అమ్మ ఫొటో ప్రింటు తీద్దామని కూర్చుంటే కంప్యూటరు టకటకమని మూలిగింది. పేర్రాజు ఫోన్ చేశాడు.

"డిస్కు వేడెక్కిందేమోనండి. ఆపేసి చల్లారనివ్వండి, వస్తున్నా" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది! పేర్రాజు మరలు విప్పి అసలు డిస్కు బయటికి లాగాడు. నరసమ్మ దాన్ని మంచినీళ్ళ కుండలో వేసి మూత పెట్టింది.

"అన్నయ్యా, మరి అమ్మో?" అన్నాడు గవర్రాజు కుండలోకి తొంగి చూస్తూ.

"ఒరే, అమ్మ ఉన్నది ఉత్తుత్తి డిస్కులో. అది అసలు లేనే లేదు కదా, లేనిది ఎక్కడికి పోతుందిరా?"

ఆ మాటతో గవర్రాజు మనసు కుదుటపడింది.

సింహాద్రి ఎండన పడి వచ్చి, గటగటా నీళ్ళు తాగి, డిస్కేదని అడిగాడు.

"మీరు తాగిన నీళ్ళలోనే ఉందండి. ఇంకాస్త చల్లారాలి" అంది నరసమ్మ.

సింహాద్రి నెత్తి పట్టుకుని కూలబడ్డాడు.

"ఇల్లు కూలాక గదులు మిగుల్తాయా అండీ? పాడైన డిస్కుల్లోంచి ఫొటోలు తీసే తెలిసినాయన రాజమండ్రిలో ఉన్నాడు, చూపిస్తాను. వారం పట్టుద్ది" అని డిస్కు తుడుచుకుని పట్టుకుపోయాడు.

పురోహితుడు వచ్చే వేళయింది. గవర్రాజు బావురుమన్నాడు.

"ఏడవకు. లేని డిస్కుని కంప్యూటరు ఉందనుకోలేదూ? లేని ఫొటోని మనమూ ఉందనుకుందాం" అన్నాడు పేర్రాజు.

అంతే, ఖాళీ పటమే గోడకి తగిలించి దండ వేశారు. అద్దం, దాని వెనక నల్ల అట్ట, అంతకు మించి అందులో ఏమీ లేదు. గవర్రాజు దండం పెట్టుకుని తలెత్తాడు. అద్దంలో అమ్మ కళ్ళు, అమ్మ ముక్కు, బొటబొటా కన్నీళ్ళు!

"వదినా! అమ్మొచ్చేసింది! నాకోసం ఏడుస్తోంది కూడా! కానీ మీసాలొచ్చాయేంటి?"

"అంతసేపు నీళ్ళలో నానితే మొలకెత్తవూ?" అంటూ నరసమ్మ మొగుడి గడ్డం బ్రష్షు తెచ్చి, అద్దం నిండా నురగ పట్టించింది.

గవర్రాజు మళ్ళీ తొంగి చూశాడు. తెల్లటి నురగ తప్ప ఏమీ కనపడలేదు.

"అయ్యో వదినా! మీసాలు తియ్యమంటే అమ్మని తీసేశావేంటి!"