తోడు పెట్టుకున్న దాసుగారు

మండపేటలో చిదంబరదాసు అనే హరికథకుడు ఉండేవాడు. గొంతు కంచు గంటే గానీ, ఏ పనినీ మొదలుపెట్టినంత గొప్పగా కొనసాగించడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు. ఆరంభశూరుడంటే అచ్చంగా అతనే. మంచిరోజు చూసుకుంటే తప్ప ఏదీ మొదలుపెట్టేవాడు కాదు. మొదలుపెట్టాడంటే ఊరంతా తెలియాల్సిందే. తెల్లవారుజామున లేవడం, కాలవగట్టు మీద నడక, గొంతు సాధన, ధ్యానం, ఒంటిపూట భోజనం, కాఫీ మానెయ్యడం, అన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకునేవాడు. ఒక్కరోజు ఏదో ఒకటి తప్పిందా, "నియమం భంగమైపోయిందండీ. మళ్ళీ మంచిరోజు చూసుకోవాలి" అని అన్నింటినీ ఒక్కసారే వదిలేసేవాడు.

భార్య మంగతాయారు ఉన్నంతకాలం ఈ జబ్బు పైకి కనిపించలేదు. ఆవిడ పొద్దున్నే వచ్చి దుప్పటి లాగేసేది. "గొంతు విప్పితేనే కాఫీ" అనేది. వర్జ్యమో, దుర్ముహూర్తమో, కాఫీ కోసమైనా అతను పాడక తప్పేది కాదు.

ఒక వానాకాలం ఆవిడ జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత చిదంబరదాసు మంచం దిగడమే తగ్గించాడు. కిటికీ తలుపులు తీసేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. గోడ పక్క వాటాలో ఉండే వదిన సత్యవతమ్మ అన్నం పంపిస్తే తినేవాడు, లేకపోతే లేదు. ఏదీ చెయ్యబుద్ధి అయ్యేది కాదు, ఎందుకు చెయ్యాలో కూడా తోచేది కాదు. ఏటా శ్రీరామనవమి పందిట్లో ఉగాది నుంచి నవమి దాకా రామకథ చెప్పేది అతనే. ఆ ఏడు సీత కోసం రాముడు అడవంతా వెతికే ఘట్టం రాగానే గొంతు పూడుకుపోయింది. చిరతలు కింద పెట్టేసి, వేదిక దిగి ఇంటికి వచ్చేశాడు. మిగతా కథ ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ కార్తీకమాసం వచ్చింది. ఉత్సవాల పెద్ద వీర్రాజు ఇంటికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"దాసుగారూ, పోయినసారి మీ బాధ చూసి జనం ఏమీ అనలేదండి. ఈసారి కూడా మధ్యలో దిగిపోతే మాత్రం నేను ఆపలేనండి. సినిమా పాటల ఆర్కెస్ట్రా పెడదామని కొందరు ఇప్పటికే అంటున్నారు. ఒక్కసారి అది ఎక్కిందంటే హరికథ ఇంక ఆ పందిరెక్కదండి."

చిదంబరదాసు తాత కథ చెప్పిన పందిరి అది, తండ్రి చెప్పిన పందిరి. భార్య పోయింది. కథ కూడా పోతే తానంటూ ఇంకేం మిగులుతాడు?

"ధనుర్మాసం మొదటిరోజు నుంచి సాధన మొదలుపెడతాను వీర్రాజుగారూ. మీరే చూస్తారు" అన్నాడు.

అన్నట్టే మొదలుపెట్టాడు. చన్నీళ్ళ స్నానం, నడక, సాధన, ధ్యానం, ఒంటిపూట భోజనం, అన్నీ. వారం తిరక్కుండానే ఒక పొద్దున మెలకువ రాలేదు. "భంగమైంది. ఇక ముక్కోటి ఏకాదశి నుంచి" అనుకున్నాడు. ముక్కోటికి ఉపవాసం ఉండి, రాత్రంతా జాగారం చేసి, తెల్లారి నుంచి నియమం పట్టాలనుకున్నాడు. రాత్రంతా జాగారం చేసినవాడు తెల్లారి ఏం చేస్తాడు? మునిమాపు దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. పాపం, ఆ నియమం పుట్టకముందే పోయింది.

లేచి వసారాలో కూలబడ్డాడు. ఇక తన వల్ల కాదని తేలిపోయిందనుకున్నాడు. దుఃఖం ఆగక పైకే అనేశాడు.

"ఏం చెయ్యనురా భగవంతుడా! నాకు తోడు లేదు!"

గోడ అవతల సత్యవతమ్మ పాలు కాస్తోంది. సాయంత్రంపూట పక్కింట్లోంచి "తోడు లేదు" అని వినిపిస్తే ఏ ఇల్లాలికైనా ఒకటే అర్థం. పాలు తోడెయ్యడానికి పెరుగు లేదని. ఆవిడ వెంటనే చిన్న గిన్నెలో చెంచాడు పెరుగు వేసుకుని వచ్చేసింది.

"ఇదిగోనయ్యా తోడు. దీపాలు పెట్టాక ఇవ్వకూడదు, ముందే పట్టు. పాలేవీ?"

చిదంబరదాసు తెల్లబోయాడు. "పాలెక్కడివి వదినా? నేనన్నది ఈ తోడు కాదు. మంగతాయారు..." అంటూనే భోరుమన్నాడు.

సత్యవతమ్మ అతన్ని ఏడవనిచ్చింది. ఆవిడా భర్తను పోగొట్టుకున్న మనిషే. తర్వాత తన ఇంట్లోంచి పాలు తెచ్చి అతని వంటింట్లో పొయ్యి మీద పెట్టింది.

"ఆ తోడు నేను తేలేను నాయనా. నా చేతనైంది ఇదే. పాలు కాగాక దించు. గోరువెచ్చగా అయ్యాక ఈ పెరుగు వేసి మూతపెట్టు. రేపు తినేముందు ఒక చెంచా తీసి పక్కన పెట్టుకో. రేపటి పాలకి అదే తోడు. రోజూ ఈ ఒక్క పనీ చెయ్యి, చాలు."

"ఇంత చిన్న పనా? దీనివల్ల ఏమవుతుంది వదినా?"

"పెరుగవుతుంది" అంది సత్యవతమ్మ.

అంత ఏడుపులోనూ చిదంబరదాసుకు నవ్వొచ్చింది.

మర్నాడు మూత తీసి చూస్తే పెరుగు గట్టిగా తోడుకుని ఉంది. అదేమంత ఘనకార్యం కాదు. కానీ ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో మొదలై పూర్తయిన పని అదొక్కటే. అతను గిన్నెను కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం పాలు తెప్పించుకుని మళ్ళీ కాచాడు. ఆ తర్వాత సాయంత్రం కూడా కాచాడు.

పాత బుద్ధి ఊరికే పోతుందా? ఒకరోజు మధ్యాహ్నం ఆవకాయన్నంలో ఉన్న పెరుగంతా వేసుకుని తినేశాడు. తోడుకి చెంచాడు కూడా మిగల్లేదు. చిదంబరదాసు రెండు వాటాల మధ్య ఉన్న పెరటి పిట్టగోడ దగ్గరకెళ్ళి విచారంగా చెప్పాడు.

"భంగమైపోయింది వదినా. మళ్ళీ రథసప్తమి నుంచి మొదలుపెడతాను."

సత్యవతమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "పెరుగుకి రథసప్తమేమిటయ్యా? తోడు అయిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకుంటారు గానీ పంచాంగం చూస్తారా? ఒక పూట తోడు మర్చిపోతే ఏ ఇల్లాలైనా ఇంక ఈ ఇంట్లో పెరుగే లేదని గిన్నె బోర్లిస్తుందా?"

ఇన్నేళ్ళుగా చిదంబరదాసు చేస్తున్నది అదే. ఒక్క పూట తప్పినందుకు ప్రతిసారీ గిన్నె బోర్లిస్తూ వచ్చాడు. వదిన పెట్టిన చివాట్లు ఎక్కడ తగలాలో అక్కడే తగిలాయి. ఆవిడ లోపలికెళ్ళి తెచ్చిన తోడును చెయ్యి చాచి గోడ మీదుగా అందుకున్నాడు. ఆ సాయంత్రమే పాలు కాచాడు.

పాలు చల్లారడానికి కాస్త సమయం పడుతుంది. అంతసేపూ ఏం చెయ్యాలి? గోడవైపు చూస్తూ కూర్చుంటే మనసు మళ్ళీ చీకట్లోకి జారుతోంది. కిటికీ తలుపులు బార్లా తీసి, నిలబడి, "సా" అని ఒక్క స్వరం పట్టాడు. గొంతు తుప్పుపట్టిన గేటులా కిర్రుమంది. సిగ్గేసింది. అయినా ఆపలేదు. పాలు గోరువెచ్చనయ్యేదాకా ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని ఉన్నాడు. "ఇవాళ్టికి ఇంతే. రేపు మళ్ళీ ఇంతే" అనుకున్నాడు.

అదే పట్టుదలతో కొనసాగించాడు. పాలు ఇంటికి తెప్పించుకోవడం మాని, పొద్దున్నే తనే వెళ్ళి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. దాంతో నడక వచ్చింది. దారిలో నలుగురూ పలకరించేవారు. "దాసుగారూ, కథ ఉందా ఈసారి?" అని అడిగేవారు. "ఉందండి" అనేవాడు. నడిచి వచ్చినవాడికి ఆకలి వేసేది, తిన్నవాడికి నిద్ర పట్టేది. కొన్నాళ్ళకు ఒక్క స్వరం కాస్తా ఒక కీర్తన అయింది. అన్ని రోజులూ బాగుండేవని కాదు. ఒక్కోరోజు మంచం మీంచి లేవబుద్ధి కాక, మంగతాయారు గుర్తొచ్చి, పాలూ లేవు, పాటా లేదు. బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడూ సాధన తప్పింది. కానీ తప్పిన మర్నాడు పంచాంగం తీసేవాడు కాదు. గోడ దగ్గరకెళ్ళి "వదినా, తోడు" అనేవాడు. ఆవిడ ఏమీ అడక్కుండా ఇచ్చేది.

ఉగాది వచ్చింది. పందిరి వేశారు. చిదంబరదాసు గజ్జెలు కట్టి, మెళ్ళో దండ వేసుకుని, చిరతలు పట్టి కథ ఎత్తుకున్నాడు. కల్యాణం బ్రహ్మాండంగా సాగింది. వనవాసం చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత సాయంత్రం సీత కోసం రాముడు వెతికే ఘట్టం రానే వచ్చింది.

"సీతా!" అని రాముడు పిలిచేచోట గొంతు తెగిపోయింది.

వీర్రాజు ముఖం పాలిపోయింది. వెనక వరసలో ఎవరో లేవబోయారు. చిదంబరదాసు కాళ్ళు వాటంతట అవే మెట్లవైపు తిరిగాయి. అంతా అయిపోయిందని ఒక్క క్షణం అతనికీ అనిపించింది. ఆ క్షణంలోనే చిరతలు గట్టిగా బిగించి పట్టుకున్నాడు.

"అయ్యలారా, అమ్మలారా! గొంతు తెగింది. కథ తెగలేదు. మళ్ళీ అందుకుంటాను, కూర్చోండి" అన్నాడు.

శ్రుతి కాస్త తగ్గించి ఆ ఘట్టాన్ని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అక్కడికి రాగానే మళ్ళీ తెగింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆపాలని చూడలేదు. ఈసారి "సీతా!" అన్న పిలుపు పందిరి దాటి వీధి చివర దాకా వినిపించింది. కూర్చున్నవాళ్ళలో కదిలినవాళ్ళు లేరు. కథ ముందుకు నడిచింది. రాముడు సుగ్రీవుణ్ణి కలిశాడు, సముద్రం దాటాడు. నవమి నాటి సాయంత్రానికి పట్టాభిషేకం కూడా అయింది.

మంగళహారతి ఇచ్చాక వీర్రాజు పళ్ళెంలో తాంబూలం పట్టుకొచ్చాడు. "వచ్చే ఏటికి కూడా మీరేనండి. మరి సాధన ఏ మంచిరోజున మొదలుపెడతారు?" అని నవ్వుతూ అడిగాడు.

"రేపేనండి" అన్నాడు చిదంబరదాసు. "రేపు తిథి ఏమిటో మాత్రం నన్నడక్కండి."

నీతి: కుంగిన మనసును నిలబెట్టేది ఒక్కనాటి గొప్ప ప్రతిజ్ఞ కాదు, రోజూ చేసే చిన్న పని. అది ఒకరోజు తప్పితే తప్పు లేదు, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టకపోతేనే తప్పు.