పూలబుట్ట పట్టుకున్న చెయ్యి

జ్యేష్ఠ బహుళ ద్వాదశి, బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, చుట్టరికం లేనివాళ్ళకు ఇంటి ఫోటోల్లో చోటెందుకు అనుకునే హైమవతి, విజయనగరం గంటస్తంభం వెనక సందులోని తన ఇంట్లో కూర్చుని, కంప్యూటరులో ‘ఇతరులు’ అని పేరు పెట్టుకున్న ఫోల్డరును తుడిచేసింది. తుడిచినవి వెళ్ళి పడే చెత్తబుట్టను కూడా ఖాళీ చేసింది. వాకిలి కడిగి ముగ్గు పెట్టినంత తృప్తిగా అనిపించింది ఆమెకు.

ఆ కంప్యూటరు ఆమె భర్త జగన్నాథం గారిది. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. ఆయనకు కెమెరా అంటే ప్రాణం, సర్దడమంటే బద్ధకం. వినాయక చవితి ఫోటోలు కరెంటు బిల్లుల మధ్య ఉండేవి. గ్యాసు కాగితాలు పెళ్ళి ఫోటోల్లో కలిసిపోయి ఉండేవి. ఇదేం పద్ధతండీ అని హైమవతి విసుక్కుంటే, ఇంట్లోనే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి అని నవ్వేసేవారు.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన పోయాక ఆ ఇంట్లో హైమవతి, ఆమె అత్తగారు సూరీడమ్మ మిగిలారు. సూరీడమ్మకు చూపు సరిగా ఆనదు. పొద్దస్తమానం హాల్లో పడకకుర్చీలో కూర్చుని తులసిమాల తిప్పుకుంటూ అప్పన్న స్వామిని తలుచుకునేది. అత్తాకోడళ్ళ మధ్య రోజుకు పది మాటలు నడిస్తే ఎక్కువ. మధ్యాహ్నం వేళ గోడగడియారం చప్పుడు వంటింట్లోకి వినిపించేది.

ఆ నిశ్శబ్దం భరించలేకే హైమవతి ఫోటోలు సర్దడం మొదలుపెట్టింది. రోజూ పూజ కాగానే కంప్యూటరు ముందు కూర్చునేది. మామగారి వైపు ఒక ఫోల్డరు, పుట్టింటి వైపు ఒకటి, ఆడపడుచులకు తలా ఒకటి. ఒక్కొక్క ఫోటోకు పేరూ తేదీ రాసేది. అంచులో ఎవరైనా పరాయి మనిషి కనిపిస్తే, అంతమేరకు కత్తిరించేసేది. కత్తిరించడానికి వీలు కానివాటిని ‘ఇతరులు’లో పడేసేది.

అందరికన్నా ఎక్కువగా కత్తెర పడింది పైడమ్మకు. పైడమ్మ పూలమ్మి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటికి పువ్వులు తెచ్చింది. సరిగ్గా పూజ వేళకే వచ్చేది కాబట్టి, ఏ పండగ ఫోటోలో చూసినా గడప దగ్గర బుట్టతో నిలబడి ఉండేది. వరలక్ష్మీ అలంకారం పక్కన ఈవిడెందుకు అనుకుంటూ హైమవతి ఆ అంచు కోసేసేది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ సూరీడమ్మ అడిగింది.

"హైమా, పైడమ్మ రావటం లేదేమే?"

"ఇరవై రోజులైంది, అత్తయ్యా. వేరే వీధి చూసుకుని ఉంటుంది. మన పెరట్లో నందివర్ధనాలున్నాయి కదా."

"ఎవరినైనా అడిగావా?"

హైమవతి మజ్జిగ వడ్డించింది.

సాయంత్రం నాలుగింటికి గేటు చప్పుడైంది. పైడమ్మ కూతురు కుమారి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎప్పుడైనా తల్లికి బదులు పువ్వులు ఇచ్చి వెళ్ళేది. ఇవాళ బుట్ట లేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే నిలబడింది.

తల్లికి జ్వరం వచ్చిందని, పెద్దాసుపత్రిలో పది రోజులు ఉంచారని, అక్కడే పోయిందని చెప్పింది. పోయి పది రోజులైంది. రేపు పెద్దకర్మ. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఫోను ఎత్తితే చాలు, సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకునేదట. ఆధార్ కార్డు మీద బొమ్మ నల్లగా మసి పూసినట్టుంది, అందులో ఉన్నది ఎవరో వాళ్ళకే తెలియడం లేదు.

"మీ సారు పండక్కీ పబ్బానికీ పోటోలు తీసేవోరు కదండీ. నా పోటోలు ఆళ్ళింట్లో బోలెడున్నాయే అని మా యమ్మ అంటుండేది." అంది కుమారి. "పూలోళ్ళం. దండ మేవే కట్టుకున్నామండి. ఎయ్యడానికి పోటోయే నేదు."

హైమవతి ఆ పిల్లను బలవంతంగా లోపలికి పిలిచి కూర్చోబెట్టి, కంప్యూటరు తెరిచింది. చెత్తబుట్ట ఖాళీగా ఉంది. పొద్దున తనే కదా ఖాళీ చేసింది. ఆడపడుచుల ఫోల్డర్లు, మేనమామల ఫోల్డర్లు ఒకటొకటిగా తెరిచింది. పట్టుచీరల్లో చుట్టాలంతా నవ్వుతూ చూస్తున్నారు. వాళ్ళలో ఎవరు ఈ ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో ఆమెకు అప్పుడు లెక్కకు వచ్చింది. జగన్నాథం గారి పదమూడో రోజు భోజనాలయ్యాక మళ్ళీ ఒక్కరూ రాలేదు.

పద్నాలుగో రోజు పొద్దున ఆరింటికి వచ్చింది పైడమ్మే. పూలమ్మేవాళ్ళకు తొలిబేరం ఎవరి చేతి మీదుగా జరిగిందన్న పట్టింపు ఉంటుంది. అందుకే హైమవతి తన ముఖం చూపించకూడదని ఆ రోజు తలుపు వెనకే నిలబడిపోయింది. పైడమ్మ గేటు దగ్గర నుంచి కేకేసింది. అమ్మగోరూ, బయటికి రండి, బోణీ మీదే అంది. దేవుడికని మూర మల్లెలు చేతిలో పెట్టింది. ఆ తర్వాత ప్రతిరోజూ ఆ గేటు దగ్గరే బోణీ చేసింది.

అటువంటి మనిషి ఇరవై రోజులు కనిపించకపోతే తను అడగనైనా అడగలేదు.

తెర మీద ఒక వరలక్ష్మీ వ్రతం ఫోటో వచ్చింది. ఎడమ అంచున పూలబుట్ట పట్టుకున్న చెయ్యి ఒకటి మిగిలి ఉంది. ఆకుపచ్చ గాజులు, మోచేతి వరకూ. అంతే.

కుమారి ముందుకు వంగింది. "ఇది మా యమ్మ చెయ్యేనండి." తెర మీద వేలు పెట్టి ఆ గాజులను తాకింది. నెమ్మదిగా అడిగింది. "మిగతా మనిషి ఏదండీ?"

హైమవతి అబద్ధం చెప్పలేకపోయింది. "నేనే కత్తిరించాను తల్లీ. అన్నిట్లోనూ."

కుమారి కోప్పడలేదు. అవునులెండి, మేము మీ ఇంటి మనుషులం కాదు కదా అని, ఉన్న మాటే అన్నట్టు అంది. ఆ మెత్తని మాటకు హైమవతి తల ఎత్తలేకపోయింది.

హాల్లోంచి సూరీడమ్మ గొంతు వినిపించింది. "నువ్వు సర్దిన చోట ఎందుకుంటుందే? మావాడు పారేసిన చోట వెతుకు."

సర్దకుండా మిగిలింది ఒక్కటే ఫోల్డరు. అందులో అన్నీ కాగితాలేనని హైమవతి దాని జోలికి పోలేదు. ఇప్పుడు తెరిచింది. ఇంటి పన్ను రసీదులు, రేషను కార్డు, సూరీడమ్మ కంటి ఆపరేషను కాగితాలు వరసగా వచ్చాయి. ఆ కాగితాల తర్వాత, ఏ సంబంధమూ లేకుండా, ఒక ఫోటో ఉంది.

వీధిమెట్టు మీద పైడమ్మ కూర్చుని ఉంది. కాలి బొటనవేలికి దారం చుట్టుకుని కనకాంబరాలు కడుతోంది. పక్కన హైమవతి, మెట్టు మీంచి లేవబోతూ ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు. కెమెరా సంగతి ఇద్దరికీ తెలియదు.

కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైమవతి ఆ ఫోటోను చాలాసేపు చూసింది. ఇంతమంది చుట్టాల ఫోల్డర్లు వెతికినా తను నవ్వుతున్న ఫోటో ఒక్కటీ కనబడలేదు. వాటిలో తను పళ్ళేలు మోస్తూనో, బిగుసుకుని నిలబడో ఉంది.

కానీ పోయినవాళ్ళ ఫోటోకు దండ వేసేటప్పుడు పక్కన బతికున్న మనిషి ఉండకూడదు. అది అందరికీ తెలిసిన ఆచారం. ఈసారి కత్తిరించవలసింది తననే. హైమవతి ముందు ఆ ఫోటోకు నకలు తీసి, అసలును అలాగే ఉంచింది. తర్వాత నకలులో తన నవ్వు ముఖాన్ని, చీరను, సగం మెట్టును కోసేసింది. ఎంత జాగ్రత్తగా కోసినా పైడమ్మ భుజం మీద హైమవతి చెయ్యి మిగిలిపోయింది. దాన్ని తీస్తే భుజమూ పోతుంది.

"స్టూడియోలో ఇస్తే ఆ చెయ్యి చెరిపేస్తారమ్మా," అంది హైమవతి.

"ఉంచీయండి అమ్మగోరూ," అంది కుమారి. "ఆ చెయ్యి ఎవరిదో మాకు తెలుసు."

ఫోటోను తన ఫోనులోకి పంపించుకుని, అత్తాకోడళ్ళిద్దరికీ చెప్పి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక హైమవతి అసలు ఫోటోకు పేరు రాసింది. ‘పైడమ్మ, నేను’ అని రాసి, కొత్తగా ఒక ఫోల్డరు చేసి అందులో పెట్టింది. ఆ ఫోల్డరుకు ‘మా గుమ్మం’ అని పేరు పెట్టింది. గడప దగ్గర పైడమ్మ నిలబడి ఉన్న, తను తుడిచేసిన ఫోటోలన్నీ తలుచుకుంది. అవి ఇక రావు.

మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఎవరూ పిలవలేదు. హైమవతి పెరట్లో నందివర్ధనాలు కోసుకొచ్చి అత్తగారి ఒళ్ళో పోసింది. చూపు ఆనకపోయినా సూరీడమ్మ వేళ్ళకు ముడి తెలుసు. ఒకరు పువ్వులు అందిస్తే ఒకరు కట్టారు. కడుతున్నంతసేపూ పైడమ్మ కబుర్లే చెప్పుకున్నారు. తర్వాత ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, దారి అడుగుతూ పూలవాళ్ళ వీధికి నడిచి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళు తమకు పువ్వులు మోసుకొచ్చిన మనిషికి ఆ దండ వేశారు.

రోజూ మన గడప దగ్గర నిలబడి పలకరించే మనిషిని పరాయి అని తుడిచేస్తే చివరికి మిగిలేది మన ఒంటరితనమే; అందుకని జ్ఞాపకాలు సర్దుకునేటప్పుడు చుట్టరికాన్ని కాదు, ఆత్మీయతను చూడాలి.