పెద్దవంకలో నారిపురుగు

డాక్టర్ పరంజ్యోతిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు చెప్పుల కోసం వెతుక్కునేవారు. జవాబు ఎక్కడో బయట ఉంటుందనీ, అక్కడిదాకా మనమే వెళ్లాలనీ ఆయన నమ్మకం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. శిష్యురాలు నస్రీన్ ఇప్పుడు తానే నలుగురి చేత పరిశోధన చేయిస్తోంది. అయినా ఎవరైనా తలుపు తోసుకుని వచ్చి "మేడమ్, ఒక మాట అడగనా?" అంటే, ఆమెకు ముందుగా ఆ పాత తోలుచెప్పుల కిర్రుమనే చప్పుడే వినిపిస్తుంది.

ఆ రోజుల్లో నస్రీన్ మలేరియా మీద పనిచేసేది. మందు వేసినా ఆ క్రిమి ఎలా తప్పించుకుంటోందో కనిపెట్టింది. ఇంట్లో పెళ్లిళ్లూ పండగలూ వదులుకుని చేసిన పని అది. అచ్చుకు పంపబోతుండగా అదే సంగతిని వేరే దేశం వాళ్లు ప్రకటించేశారు. ఆమె గురువుగారి గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా అడిగింది.

"మన పేరు ఎక్కడా మిగలనప్పుడు ఈ చాకిరీ అంతా దేనికి సార్? మందుల కంపెనీలో ఉద్యోగం ఇస్తామంటున్నారు. నేను పోతాను."

ఆయన వంగి బల్ల కింద చెప్పులు వెతుక్కున్నారు. "పెద్దవంకకు బస్సుంది, పద" అన్నారు.

పెద్దవంక కర్నూలు వైపు మెట్ట ఊరు. దారి పొడుగునా ఆయన ముఖంలో పుట్టింటికి పోతున్న ఆడపిల్ల కళ ఉంది. చదువు ముగిసిన కొత్తలో ఆయన ఆ ఊళ్లోనే కాపురం పెట్టారట. అప్పుడు ఇంటింటా నారిపురుగు జబ్బే. దిగుడుబావి నీళ్లతో కంటికి ఆనని పిల్లపురుగు కడుపులోకి పోయేది. ఏడాది తిరిగేసరికి కాలిని పుండు చేసుకుని తెల్లటి దారంలా బయటికి వచ్చేది. తొందరపడి లాగితే లోపలే తెగి కాలు చీము పట్టేది. అందుకని దాన్ని అగ్గిపుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్తగా తీయాలి. విత్తనం వేసే అదునుకు ఊళ్లో సగం మంది మంచాల మీదే ఉండేవారు. పుండున్న కాళ్లతో బావిలోకి దిగొద్దన్నందుకు, నీళ్లలో మందు కలిపినందుకు ఊరు ఆయన్ను తిట్టిపోసింది. ఒకసారి కట్టెలు పుచ్చుకుని వెంటపడింది కూడా.

"చింతచెట్టు కింద పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పురుగు చుట్టేవాణ్ణమ్మా. ఏడవకుండా పాటలు పాడేవాణ్ణి. నా గొంతు భరించలేక ఊరుకునేవాళ్లు" అని చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు తనలో తాను నవ్వుకున్నారు.

బస్సు దిగి చూస్తే చింతచెట్టు లేదు. దిగుడుబావికి ఇనుప జాలీ బిగించి ఉంది, లోపల తుమ్మమొక్కలు మొలిచాయి. ఆయన్ను గుర్తుపట్టి పలకరించినవాళ్లు లేరు. "బోర్లు వేసేవాళ్లా సార్?" అని ఒకాయన అడిగి, కాదనగానే తన దారిన తాను పోయాడు.

ఒక ఇంటి అరుగు మీద చిన్నవయసు కోడలు చిక్కుడుకాయలు వలుస్తోంది. పరంజ్యోతిగారు ఆమె ముందు ఆగారు.

"అమ్మా, ఈ ఊళ్లో ఇప్పుడు నారిపురుగు ఎవరికైనా ఉందా?"

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టి ఆలోచించింది. "మా పత్తికయితే పచ్చపురుగు పడింది సార్. మీరు చెప్పేది ఏ పంటకు పడతాది?"

ఆ మాట చెవినపడి లోపలినుంచి అత్త వచ్చింది. ఆమె చీలమండ పక్కన నాణెమంత మచ్చ ఉంది. "దీపాలు పెట్టే యాళ ఆ పాడు పేరు ఎత్తొద్దు సారూ" అంది. "చిన్నప్పుడు నేను పడిన బాధ నాకు తెలుసు. ఎవరో డాక్టరు అగ్గిపుల్లకు చుట్టి తీసినాడు. ఆ అయ్య పేరేందో... మర్సిపోతిని."

నస్రీన్ నోరు తెరవబోయింది. ఆయన చేత్తోనే వారించి, "తాగడానికి కాసిని నీళ్లిస్తావా తల్లీ?" అని అడిగారు.

కోడలు కుళాయి తిప్పి చెంబు నింపి తెచ్చింది. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పంచె చెంగుతో వడగట్టనిదే ఆయన చుక్క నీరు ముట్టలేదట. ఇప్పుడు చెంబెత్తి గటగటా తాగేశారు. నీళ్లు గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. ఆయన కళ్ల వైపు చూడటానికి నస్రీన్‌కు ధైర్యం చాలలేదు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాక ఆమె ఉండబట్టలేక అంది. "పేరైనా చెప్పి రావలసింది సార్."

"కోడలికి జబ్బు పేరే తెలియని ఇంట్లో డాక్టరు పేరు ఏం చేసుకుంటారమ్మా?" అన్నారాయన.