నకలుగాడి గుప్పిట్లో పుట్టగొడుగు రసం

చెదలు వ్యవసాయం చేస్తాయంటే నవ్వకండి. జీడితోపు పక్కన మట్టిపుట్టలో చెదలు ఆకూ పుల్లా నమిలి, మెత్తగా మడి కట్టి, దాని మీద పుట్టగొడుగులు పెంచుకునేవి. పిల్లలకు అదే తిండి. తోట పోతే పిల్లలు పస్తే.

ఒకనాడు నల్లబూజు ఒకటి వచ్చి, "ఓ మూల తల దాచుకుంటానమ్మా" అంది. జాలిపడి చోటిచ్చారు. తెల్లారేసరికి సగం తోట నల్లబడింది!

కాపలా చెద గండడు పళ్లు నూరాడు. "కొరికి పారేద్దాం రండ్రా!"

కొరికారు, బయటికి మోశారు. వాళ్ల కాళ్లకు అంటుకుని బూజు మిగతా గదుల్లోకీ పాకింది. గోరుచుట్టు మీద రోకలిపోటు!

"ఆగండ్రా, కోరలు కాదు, బుర్ర వాడండి" అంది తోట చూసే ముసలి చెద వీరవ్వ. వెళ్లి బూజుకు దణ్ణం పెట్టింది.

"ఏం పెరుగుదల దొరా నీది! ఏం మంత్రమయ్యా అది?"

పొగిడితే పొంగనిదెవరు? "మంత్రమేంటే ముసలీ! నా లోపల డీఎన్ఏ అని మా వంశం రాత ఉంది. ఎంజైమనే నకలుగాడు దాన్ని చూస్తూ, ముక్క పక్కన ముక్క పేర్చి, ఇంకో రాత తయారుచేస్తాడు. ఆ కొత్త రాతతో ఇంకో నేను!"

"వాడి చెయ్యి ఆగితేనో?"

"ఆగితే మా వంశం నాతోనే సరి. ఆపే మొనగాడెవడే?"

వీరవ్వ తిన్నగా పెద్ద పుట్టగొడుగు దగ్గరికెళ్లి సంగతి చెప్పింది.

"నా ఒంట్లో ఒక రసముంది వీరవ్వా" అంది పుట్టగొడుగు. "సరిగ్గా ఆ నకలుగాడి గుప్పిట్లో ఇరుక్కునే రకం. కానీ బూజు తాగాలిగా?"

"తాగించే పూచీ నాది."

వీరవ్వ ఆ రసం పిండించి ఓ మూల పెట్టించి, బూజుకు వినపడేలా గండడితో అంది: "ఒరే, ఆ రసం ఎవర్నీ ముట్టనివ్వకు. రాణమ్మ కోసం దాచాం."

బూజుకు నోరూరింది. "రాణీ లేదు, గీణీ లేదు" అంటూ జుర్రేసింది.

అంతే, నకలుగాడి గుప్పిట్లో రసం ఇరుక్కుంది. ఇంకో ముక్క అందుకుందామంటే చోటు లేదు.

"ముసలీ! నా పిల్లలేవే?" అని బూజు గోల పెట్టింది.

"మొనగాడెవడని అడిగావుగా దొరా. అదుగో, ఆ పుట్టగొడుగే. నువ్వు తాగింది వాడి రసమే."

ఉన్న బూజు ఎండి రాలింది, వెనక కొత్తది పుట్టలేదు. చెదలు ఊడ్చి పారేశాయి. పిల్లలు కడుపునిండా తిన్నాయి.

గండడు పుట్టగొడుగు చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. నాకూ దాన్ని చూస్తే అంత ముచ్చటే. వేలితో నొక్కితే నలిగిపోయే ఒళ్లు, అందులో కంటికి కనపడని చేతిని కట్టిపడేసే రసం! మెత్తగా ఉందని ఎవర్నీ తీసిపారేయకూడదు.

నీతి: శత్రువును ఒళ్లంతా కొట్టక్కర్లేదు, వాణ్ణి పెంచే చెయ్యి పట్టుకుంటే చాలు.