సభ గుమ్మంలో జాజి జోళ్లు

మా పొన్నకోట రాజు వీరకేసరికి ఆ వేసవిలో ఒకటే చింత. ఆయన పెంపుడు కుక్క జాజి మిట్టమధ్యాహ్నం సభకు రానంటోంది. కోట ముంగిలంతా నల్లరాయి పరిచారు. ఎండకు పెనంలా కాలుతుంది. జాజి ఒక కాలు పెట్టి, కుయ్యిమని వెనక్కి పోయేది. ఎత్తుకుంటే కరిచేది.

"జాజిని తన కాళ్ల మీద నా సింహాసనం దాకా నడిపించేవాడు ఎవడైనా ఉన్నాడా?" అన్నాడు రాజు.

నా చేతిలో విసనకర్ర కిందపడింది. రాజుగారికి విసరడం నా కొలువు. లోకాన్ని మార్చడం నా అసలు పని అనుకునేవాణ్ణి. దొరికిన గ్రంథమల్లా చదివేవాణ్ణి. ఏ దేశపు బాటసారి నోట ఏ నినాదం విన్నా, తెల్లారేసరికి అది నాదే అన్నట్టు అరిచేవాణ్ణి.

"నేనున్నాను మహారాజా! మూగజీవాలకు జోళ్లు కుట్టే అంగడి పెట్టాను. పాదాలన్నీ సమానం! నాలుగు కాళ్లకూ న్యాయం!"

అంగడి పెట్టిన మాట నిజమే. ఊరంతా వచ్చి, చూసి, నవ్వి పోయింది. ఒక రైతు మాత్రం, "మా ఎద్దుకు నాడాలున్నాయి. చెప్పుల్లేనిది నాకే. నాకు కుట్టు నాయనా" అన్నాడు. మనుషులకు కుట్టకపోవడం నా సిద్ధాంతమని చెప్పి పంపేశాను. ఆ పూట సిద్ధాంతమే తిని పడుకున్నాను.

సభామర్యాదల అధికారి సోమరాజు గొంతు సవరించుకున్నాడు. ఆయన కొత్త కిర్రుచెప్పుల చప్పుడు వీధి చివరి నుంచే వినపడుతుంది. అవంటే ఆయనకు ప్రాణం.

"ప్రభూ, జోళ్లు ఈ గుమ్మం దాటకూడదు. తమరు కూడా బయటే విడుస్తారు. ఎవరివి వాళ్లే విడవాలి, మరొకరు చెయ్యి వేయకూడదు. కుక్కకైనా అదే ఆచారం. అది తనంతట తాను విడవకపోతే ఈ చెన్నమల్లు అంగడి మూసేసి, వేసవంతా ఉత్తకాళ్లతో మన ముంగిట్లో నీళ్లు చల్లాలి."

"సరే, రేపే చూద్దాం" అన్నాడు రాజు.

"జనం తరఫున ఒప్పుకుంటున్నాను!" అని అరిచాను. జనం నన్నేమీ అడగలేదు.

అంగడికి వెళ్లి కూలబడ్డాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నా జోళ్లు ఏ కుక్క కాళ్లకూ నిలవలేదు. తొడగడం ఆలస్యం, పళ్లతో లాగి విసిరేసేవి. "విముక్తి కాళ్ల దగ్గరికి వస్తే కొరుకుతారా, బానిసల్లారా!" అని తిట్టేవాణ్ణి. ఆ ఉపన్యాసాలన్నీ ఇక్కడే, నీడలో, ఈ చల్లటి మట్టినేల మీద ఇచ్చాను.

చల్లటి నేల! అక్కడ ఆగిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ముంగిట్లోనే జాజికి జోళ్లు తొడిగాను. అది ఒక కాలు విదిలించింది. ఆ కాలి జోడు ఊడింది. ఆ కాలు రాతికి తగలగానే కుయ్యిమంది. మళ్లీ తొడిగితే బుద్ధిగా నడిచింది. గుమ్మం దాకా వచ్చింది. అక్కడ నీడ, పాదాల కింద చల్లటి రాయి. జాజి కూర్చుని, పళ్లతో నాలుగూ లాగేసి, తోక ఊపుకుంటూ లోపలికి వచ్చేసింది.

సభంతా చప్పట్లు.

"కాకతాళీయం ప్రభూ!" అన్నాడు సోమరాజు. "కుక్కకు మర్యాద తెలుసా?"

నేను ఆయన వంక చూశాను. అంత ఎండలో ఒంటినిండా మందపాటి శాలువా. గుమ్మం దగ్గర అందరి జోళ్లూ ఉన్నాయి, కిర్రుచెప్పులు తప్ప. గుమ్మంలో విడిచిన చెప్పులు ఎత్తుకుపోయి నమలడం జాజికి సరదా అని కోటలో తెలియనిదెవరికి?

"తెలుసు మహారాజా. మర్యాద తప్పినవాళ్లను పట్టిస్తుంది కూడా. జాజీ, వెతుకు!"

జాజి గాలి వాసన చూసింది. తిన్నగా సోమరాజు మీదికి దూకి శాలువా లాగింది. చంకలోంచి కిర్రుచెప్పులు టపటపా సింహాసనం ముందు పడ్డాయి.

"అది... జాజి నమిలేస్తుందని... భయంతో..." అని నసిగాడు సోమరాజు. ఈలోగా జాజి నమలడం మొదలుపెట్టింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కుక్క బయట విడిచింది, నువ్వు లోపలికి తెచ్చావు! నువ్వు చెప్పిన శిక్ష నీకే సరిపోయింది సోమరాజూ. కడవ తీసుకో. చెన్నమల్లూ, ఇక నీ అంగడి కోట వాకిట్లోనే. నా కుక్కలన్నిటికీ నువ్వే కుట్టాలి."

సోమరాజు గుమ్మంలో నిలబడి కాలుతున్న రాతిని, తన ఉత్తకాళ్లను చూసుకున్నాడు. నాకు జాలేసింది. జాజి జోళ్లు ఏరి ఆయన ముందు పెట్టాను.

"నాలుగున్నాయి సోమరాజు గారూ. మీకు రెండు చాలు కదా!"

సభ గొల్లున నవ్వింది. మనుషులకు జోళ్లివ్వనన్న నా సిద్ధాంతం ఏమైందని ఒక్కరూ అడగలేదు.