గౌరమ్మ కొంగున నాలుగో ముడి

బూరెలపేటలో పనసల వారింటిని మించిన తెలివి చుట్టుపక్కల పదూళ్ళలో లేదని చెబుతారు. ఎవరు చెబుతారంటే, పనసల వారే చెబుతారు. వేరేవాళ్ళకి నోరు తెరిచే సందు ఇవ్వరు.

"సెప్పింది సెప్పినట్టు సెయ్యడమే తెలివంటే," అంటుంది ఆ ఇంటి ముసలమ్మ గౌరమ్మ. ఎవరైనా ముఖ్యమైన మాట చెబితే కొంగున ఒక ముడి వేసుకుంటుంది. పని అయ్యాకే విప్పుతుంది. ఆమె కొడుకులు అప్పలకొండ, సన్నిబాబు గడ్డాలు నెరిసినా ఆ ముళ్ళు దాటి ఎరగరు.

ఆ ఇంట్లో కాస్త వేరుగా పుట్టింది అప్పలకొండ కూతురు హైమ ఒక్కతే. పన్నెండేళ్ళ పిల్ల. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కానీ ఈ ఏడు ఆ పిల్ల కుడి చీలమండ రెండుసార్లు బెణికింది. "ఆదివారం ఫైనల్లో చూసి జిల్లా జట్టుకి ఎంచుతారు. ఈలోగా మూడోసారి బెణికిందా, ఆ మాట మరిచిపో," అని ఆటల టీచరు తేల్చి చెప్పేసింది. హైమ ఆ పూట ముద్ద ముట్టలేదు. పిల్ల తినకపోతే ఇంకెవరికి దిగుతుంది? సోమవారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ పట్నంలో ఎముకల డాక్టరు జగన్నాథం గారి ముందు వాలారు.

డాక్టరు మంచివాడు. చీలమండ పట్టి చూసి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు నాలుగు మాటలు చెప్పాడు.

"ఒకటి. రోజూ కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. ముప్పై లెక్కపెట్టేదాకా. పడిపోకుండా పక్కన ఒకరుండాలి. రెండు. బూటులో కాలు కదలకూడదు. మూడు. ఆడే చోట గుంత కనిపిస్తే పూడ్చెయ్యాలి. నాలుగు. ఇంత చేసినా బెణికిందంటే, ఐసు పెట్టి, కాలు గుండె కన్నా ఎత్తులో ఉంచండి. ముప్పై నిమిషాలు దించకూడదు. రోగి ఎంత గోల పెట్టినా వినొద్దు."

గౌరమ్మ నాలుగు ముళ్ళు వేసింది. డాక్టరు ముచ్చటపడి, "ఆదివారం ఆటకి నన్నే ముఖ్య అతిథిగా పిలిచారమ్మా. మీ పిల్ల ఆట చూస్తాను," అన్నాడు. పాపం, అక్కడితో ఊరుకోవలసింది.

మర్నాడు పొద్దున్నే మొదటి ముడి. హైమ వాకిట్లో కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడింది. పక్కన సన్నిబాబు నిలబడ్డాడు, అతనూ కళ్ళు మూసుకుని, ఒంటికాలి మీదే.

"నువ్వెందుకురా కళ్ళు మూశావు?" అంది గౌరమ్మ.

"ఎవరు మూసుకోవాలో డాట్రుబాబు పేరెట్టి సెప్పలేదు కదే అమ్మా! ఎందుకైనా మంచిదని."

గౌరమ్మ లెక్క మొదలెట్టింది. ఆమెకి కోళ్ళ లెక్క వచ్చు. ఇంట్లో కోళ్ళు ఇరవై. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై అని, మళ్ళీ ఒకటికి వచ్చింది. మళ్ళీ ఇరవై. మళ్ళీ ఒకటి.

"నాన్నమ్మా, ముప్పై ఇంకా రాలేదా?"

"దార్లో ఉందే తల్లీ. కదలకు."

నాలుగో ఇరవైకి సన్నిబాబు కుడితి తొట్టిలో పడ్డాడు. పదో ఇరవైకి గౌరమ్మకే కునుకు పట్టింది. అప్పుడు బయటపడింది హైమ. రోజూ ఇదే వరస. అయితే ఒకటి చెప్పాలి. శనివారానికల్లా ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడి జడ వేసుకోగలిగింది.

శనివారం మూడో ముడి పట్టారు. రెండోది బూటు పని, ఆదివారానిది. మైదానం మధ్యలో మోకాలి లోతు గుంత ఒకటుంది. "పూడ్చెయ్," అన్నాడు అప్పలకొండ. "మట్టేదీ?" అన్నాడు సన్నిబాబు. "పక్కన తవ్వు." తవ్వి పూడ్చారు. ఇంకేముంది, పక్కన ఇంకో గుంత! దాన్ని పూడ్చడానికి దాని పక్కన తవ్వారు. పొద్దు వాలేవేళకి పదమూడు గుంతలు పూడ్చారు. గుంత మాత్రం ముందుకి నడుస్తూనే ఉంది, వీళ్ళు గేదెని తోలుకెళ్ళినట్టు దాని వెనకాలే నడిచారు. ఆఖరికి అది గీత దాటి, అతిథుల కుర్చీల ముందుకొచ్చి ఆగింది.

"ఇక్కడెవరూ ఆడరు కదా," అన్నాడు సన్నిబాబు.

"ఆడరు గాని, కనిపిస్తంది కదరా! కనిపిస్తే పూడ్చాలన్నాడు."

"అయితే కనిపించకుండా సేద్దాం." అంతే, దాని మీద జంబుఖానా పరిచేశారు. గౌరమ్మ మూడో ముడి విప్పి, కొడుకుల తెలివికి మెటికలు విరిచింది.

ఆదివారం ఆటకి ముందు బూటు సంగతి. సన్నిబాబు బెల్లం వండే చోట పనిచేస్తాడు. "పాకం గట్టిపడితే గరిటే కదల్దు. కాలేటి కదుల్తాది?" అని గోరువెచ్చని పాకం తెచ్చి రెండు బూట్లలో పోశాడు. ఇదేమిటని హైమ అడిగేలోపు కాళ్ళు రెండూ అందులో దించి లేసులు బిగించేశారు.

"నాన్నా! కాలు రావడం లేదు!"

"కదుల్తందా?"

"అస్సలు కదలడం లేదు!"

"అద్గదీ!" అన్నాడు అప్పలకొండ, కళ్ళు చెమర్చి.

ఈల వేసేసరికి మైదానంలోని చీమలకి కబురందింది. ఇంకేముంది! హైమకి నిలబడితే కుడుతున్నాయి, పరిగెడితే కాస్త నయం. దాంతో ఆ పిల్ల ఆగితే ఒట్టు. అవతలి జట్టు పిల్లలు పట్టుకోలేకపోయారు, సొంత జట్టు పిల్లలూ పట్టుకోలేకపోయారు. గోలు కొట్టాక కూడా ఆగకుండా మైదానం చుట్టూ రెండు చుట్లు తిరిగొచ్చింది. అలాగే రెండో గోలు. ఒకసారి గట్టిగా తోసేశారు. జనం "అయ్యో!" అన్నారు. ఆ పిల్ల ఒంటికాలి మీద ఊగింది, ఊగింది, నిలబడింది. వారం రోజులు నాన్నమ్మ లెక్కకి నిలబడ్డ కాలు అది, ఊరికే పడుతుందా?

ఆట గెలిచారు. చీలమండ చెక్కుచెదరలేదు. "జిల్లా జట్టుకి హైమ," అని ఆటల టీచరు మైకులో చెప్పేసరికి, బకెట్టు నీళ్ళలో బూట్లు నానబెట్టుకుంటున్న హైమ ఏడ్చేసింది. సంతోషానికే. కొంత చీమలకి కూడా.

అందరూ గంతులేస్తుంటే గౌరమ్మ మాత్రం దిగులుగా కూర్చుంది.

"ఏటే అమ్మా?" అన్నాడు అప్పలకొండ.

"నాలుగో ముడి మిగిలిపోనాదిరా. ఎవరికీ బెణకలేదు. డాట్రుబాబు మాట వమ్ము సేసినోల్లం అయిపోనాం."

అన్నదమ్ములు తలలు దించుకున్నారు. పనసల వారింట్లో ఇలాంటి మచ్చ ఎన్నడూ లేదు.

సరిగ్గా అప్పుడే డాక్టరు జగన్నాథం గారు హైమ మెడలో దండ వేద్దామని కుర్చీలోంచి లేచి, నవ్వుతూ జంబుఖానా మీద అడుగేశాడు.

అంతే. మోకాలి దాకా దిగిపోయాడు. "అబ్బా, చీలమండ!" అన్న కేక మైకులో కూడా వినిపించింది.

"బెణికిందోయ్!" అని గౌరమ్మ ఎగిరి గంతేసింది.

అప్పలకొండ డాక్టర్ని పైకి లాగేలోపు సన్నిబాబు ఐసు బండి దగ్గరికి పరిగెత్తి, డజను పుల్లఐసులు తెచ్చి, పుల్లల్తో సహా కాలి చుట్టూ కట్టేశాడు. తర్వాత కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలి. కుర్చీ మీద పెడితే, డాక్టరు లేచి కూర్చుని తిడుతున్నాడు, గుండె కూడా పైకొచ్చేస్తోంది. మైదానంలో అంతకన్నా ఎత్తయింది గోలుపోస్టు అడ్డకర్ర ఒక్కటే. తువ్వాలు పెట్టి కాలు దానికి కట్టేశారు. నడుం గాల్లోకి లేచింది, తల గడ్డి మీద ఉంది. నారింజరంగు ఐసు నీళ్ళు కారి మీసాల్లోకి దిగుతున్నాయి.

"దించండ్రా! నేను డాక్టర్ని చెబుతున్నాను, దించండి!"

"తమరు డాట్రు సోమారం నాడు బాబూ," అంది గౌరమ్మ ఎంతో మర్యాదగా. "ఇయ్యాల రోగి. రోగి ఎంత గోలెట్టినా ఇనొద్దని డాట్రుబాబే సెప్పారు."

చెప్పింది తనే. డాక్టరు నీరసంగా, "సరే తల్లీ. ముప్పై నిమిషాలే కదా," అన్నాడు.

"ముప్పయ్యే బాబూ. నిమిషం అవగానే మా పెద్దోడు గడియారం సూసి సెప్తాడు, నాను లెక్కెడతాను."

ఆ మాట వినగానే హైమ ఒంటి బూటుతో పరిగెత్తుకొచ్చింది. "డాక్టరు గారూ! నాన్నమ్మని లెక్కపెట్టనివ్వకండి!"

"గోలెట్టకే," అని అప్పలకొండ కూతుర్ని పక్కకి లాగాడు.

గౌరమ్మకి ఆ పూట కునుకన్నది రాలేదు. సంతోషంతో గొంతు ఖంగున మోగుతోంది. పద్దెనిమిది అంది. పంతొమ్మిది అంది. ఇరవై అంది. డాక్టరు కళ్ళలో ఆశ కనిపించింది.

"ఇంకెంతమ్మా, పదే కదా? తర్వాత?"

"తర్వాతేటి బాబూ, తెలీదేటి?" అంది గౌరమ్మ నాలుగో ముడి గట్టిగా పట్టుకుని. "ఒకటి."