హైమవతి తగ్గించిన బరువు

చిదంబర శాస్త్రిగారు భీమిలి ఆశ్రమానికి రాకముందు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. అందుకే కాబోలు, వేదాంతం అడిగినా ఆయన నోట ఒక్కోసారి యంత్రాల సంగతులే వచ్చేవి. ఒకనాడు పాఠం అయ్యాక విరూపాక్షం అనే శిష్యుడు, "గురువుగారూ, మనసు తేలికపడాలని ఒక్కొక్కటే వదిలేస్తూ వస్తున్నాను. ఇంకా ఎంత వదలాలి?" అని అడిగాడు. శాస్త్రిగారు దానికి జవాబు చెప్పకుండా, కాలేజీలో తన దగ్గర చదువుకున్న హైమవతి సంగతి ఎత్తుకున్నారు.

హైమవతి కోయంబత్తూరులో పందెం కార్లు తయారుచేసే ఇంజనీరు. కొండదారి పందెం కోసం నరసరాజు అనే ఆసామి తన కారును ఆమెకు అప్పగించి, "ఎలా చేస్తావో నాకు తెలీదమ్మా, బరువు తగ్గాలి" అన్నాడు. ఆమె ఉక్కు పొగగొట్టం తీసేసి టైటానియంది వేసింది. స్ప్రింగులూ, వీలైన చోట బోల్టులూ మార్చింది. టైటానియం ఉక్కులో సగానికి కాస్త పైగా తూగుతుంది, బలంలో తీసిపోదు. కానీ మహా మొండిది. కోసేటప్పుడు వేడెక్కి పనిముట్లను తినేస్తుంది, అతికేటప్పుడు గాలి తగిలితే పెళుసెక్కిపోతుంది. చెడిన అతుకును కోసి పారేసి మళ్ళీ అతికేదే గాని ఆమె విసుక్కునేది కాదు. చివరికి బండి పాతిక కిలోల దాకా తగ్గింది. పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి మెచ్చుకుని వెళ్ళారు.

మర్నాడు నరసరాజు వచ్చేసరికి ఆమె డ్రైవరు వైపు తలుపు లోపల దళసరి ఉక్కు గొట్టాలు అతుకుతోంది. తగ్గిన బరువులో చాలామటుకు తిరిగి ఎక్కేసింది.

"ఇదేంటమ్మా! ఇంత పాటుపడి తగ్గించింది మళ్ళీ ఎక్కించడానికా?"

"వీటికి చోటు చెయ్యడానికేనండీ తగ్గించింది. ఇదివరకు పెడదామంటే బండి బరువైపోతుందని మీరే ఒప్పుకోలేదు."

పందెం దగ్గర పడటంతో ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. డ్రైవరు దస్తగిరి కూడా మొహం ముడుచుకున్నాడు.

పందెం రోజు వాన పడింది. ఒక మలుపులో కారు అడ్డంగా జారి, సరిగ్గా డ్రైవరు వైపే కొండరాయిని గుద్దుకుంది. పొగగొట్టం ఊడి ఎక్కడో పడింది. తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉక్కు గొట్టాల దగ్గర ఆగింది. దస్తగిరి అవతలి తలుపులోంచి తనే పాక్కుంటూ బయటికొచ్చాడు. తర్వాత ఒంగిన గొట్టాన్ని తడిమి, "అమ్మా, ఇది నా పక్కటెముకల దాకా వచ్చి ఆగిపోయింది" అన్నాడు. హైమవతి అతని చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. నరసరాజు పందెం మాటే ఎత్తలేదు. "వచ్చే బండికి ముందు ఆ గొట్టాలు పెట్టమ్మా. మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు.

శాస్త్రిగారు అక్కడితో ఆపారు. ఇంకేమైనా చెబుతారేమోనని విరూపాక్షం ఎదురుచూశాడు.

"షెడ్డు చూడవచ్చిన వాళ్ళంతా బరువు ఎంత తగ్గిందనే అడిగారట నాయనా" అంటూ ఆయన లేచారు. "ఎందుకు తగ్గించావని అడిగినవాడు లేడు."